మందు ముందా, మర్మం ముందా?

మామయ్య కోస్తాలోని ఒక పట్టణంలో చాలా ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న ఫిజీషియన్. మేనకోడలు హైదరాబాద్‌లో కణపొర మీది రిసెప్టర్లపై పీహెచ్‌డీ చేస్తోంది. అమెరికన్ హృద్రోగ వైద్యుడు, జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ లెఫ్‌కోవిట్జ్ జీవితకాలపు పరిశోధన రోగికి ఏమిచ్చిందన్న విషయం మీద ఇద్దరికీ నడిచిన వాదం ఇది.

మామయ్య: నువ్విచ్చిన లెఫ్‌కోవిట్జ్ ఆత్మకథ చదివానమ్మాయ్. మంచి హాస్యప్రియుడు, కథ చెప్పడం తెలిసినవాడు. కానీ పుస్తకం మూశాక నాకు మిగిలింది దిగులే. కొలంబియాలో వైద్యం చదివాడు, బోస్టన్‌లో గుండె జబ్బుల్లో శిక్షణ పొందాడు. స్టెతస్కోపు పట్టాల్సిన చేతులతో కప్ప రక్తకణాలూ, హ్యామ్‌స్టర్ ఊపిరితిత్తులూ రుబ్బుకుంటూ యాభై ఏళ్లు గడిపాడు. ఆ కాలంలో ఎన్ని వేలమందికి వైద్యం చేసేవాడో!

మేనకోడలు: ఆయన రోగుల్ని పూర్తిగా వదల్లేదు మామయ్యా. 1973లో డ్యూక్ యూనివర్సిటీలో చేరాక కూడా చాలా ఏళ్లు వార్డు రౌండ్లు చేశారు. అసలు ల్యాబులోకి ఇష్టపడి వచ్చిన మనిషే కాదు. వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికాలో కుర్ర డాక్టర్లందరికీ సైన్యం పిలుపు తప్పదు. దానికి బదులుగా ప్రభుత్వ ఆరోగ్య సేవలో చేరి, నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో రెండేళ్లు పనిచెయ్యొచ్చు. 1968లో అలా చేరినవాళ్లను పసుపు టోపీల దళమని వెక్కిరించేవారట. ఆ ఒక్క బ్యాచ్‌లోంచే లెఫ్‌కోవిట్జ్, హెరాల్డ్ వార్మస్, మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ నలుగురూ నోబెల్ అందుకున్నారు.

మామయ్య: అక్కడ మాత్రం ఏం సాధించాడు? ఏడాదికి పైగా ఏ ప్రయోగమూ పలకలేదని తనే రాసుకున్నాడు. ఆ మధ్యలోనే తండ్రి గుండెపోటుతో పోయారు. ఇక చాలు, ఆసుపత్రికే పోతానని నిశ్చయించుకున్నాడు కూడా. ఆ నిశ్చయం మీద నిలబడి ఉంటే బాగుండేదంటాను.

మేనకోడలు: నిలబడ్డారు. బోస్టన్ వెళ్లి రెసిడెన్సీలో చేరారు. అయితే వెళ్లేముందే ప్రయోగం పలికింది. ఏసీటీహెచ్ హార్మోనుకు రేడియోధార్మిక అయోడిన్ తగిలించి, అది అడ్రినల్ గ్రంథి కణాల పొర మీద ఒక ప్రత్యేకమైన చోట అతుక్కుంటోందని 1970లో చూపించారు. ఆ తర్వాత వార్డులో ఎంత తీరిక లేకుండా ఉన్నా ల్యాబు మీదికే మనసు పోయేదట. తండ్రిని తీసుకెళ్లిన జబ్బే తనకూ వచ్చింది, తనకూ బైపాస్ ఆపరేషన్ జరిగింది. గుండె ఆయనకు పుస్తకంలోని బొమ్మ కాదు, ఇంటి సమస్య.

మామయ్య: సరే, అసలు విషయానికొద్దాం. రిసెప్టర్ అనేది ఒకటుందని అప్పటికి ఎవరు చూశారు? 1948లో రేమండ్ ఆల్‌క్విస్ట్ అడ్రినలిన్ లాంటి మందులు ఏ కండరం మీద ఎంత పనిచేస్తున్నాయో వరుసలు రాసుకుని, రెండు రకాల రిసెప్టర్లు ఉండాలన్నాడు. ఒకటి ఆల్ఫా, రెండోది బీటా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! పాతికేళ్ల తర్వాత కూడా ఆల్‌క్విస్ట్ అది కంటికి కనిపించే వస్తువు కాదు, ఊహామాత్రమేనన్నాడు. పేరు పెట్టిన తండ్రే కొడుకు లేడన్నాక ఇంకేముంది?

మేనకోడలు: ఆ కొడుకును వెతికి తెచ్చిందే లెఫ్‌కోవిట్జ్ కదా. ఇంకో మాట. ఆల్‌క్విస్ట్ వ్యాసాన్ని ఒక పత్రిక తిప్పి పంపితే ఇంకో పత్రిక వేసుకుంది. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నవాడు స్కాట్లండ్ మనిషి జేమ్స్ బ్లాక్. గుండెకు ఆక్సిజన్ ఎక్కువ అందించే బదులు, బీటా రిసెప్టర్లకు అడ్డుపడి గుండె పనిభారం తగ్గిస్తే ఛాతీనొప్పి తగ్గదా అనుకున్నాడు. ప్రొప్రనొలాల్ పుట్టింది ఆ ఆలోచనలోంచే.

మామయ్య: నా నోటి మాట నువ్వే అన్నావు! ప్రొప్రనొలాల్ 1960ల మధ్యకే రోగి చేతికి వచ్చింది. లెఫ్‌కోవిట్జ్ ల్యాబు తెరిచింది 1973లో. రిసెప్టర్ మొహం ఎవరూ చూడకముందే మందు పనిచేసింది. ఇంకా వెనక్కి వెళ్లు. విలియం విదరింగ్ 1785లో ఫాక్స్‌గ్లవ్ ఆకు గురించి పుస్తకం రాశాడు. ఆస్పిరిన్ 1899 నుంచి అమ్ముతున్నారు, అదెలా పనిచేస్తుందో జాన్ వేన్ చెప్పింది 1971లో. వైద్యం మర్మం కోసం ఆగదు తల్లీ. ముందు మందు, తీరిక ఉంటే మర్మం.

మేనకోడలు: ఒప్పుకుంటాను, మందు పనిచెయ్యడానికి మర్మం తెలియనక్కర్లేదు. అది ఎందుకు పనిచెయ్యడం మానేస్తోందో, ఎవరికి వికటిస్తుందో చెప్పాలంటే మాత్రం తెలియాలి. మొన్నటిదాకా పనిచేసిన మందు ఇవాళ ఎందుకు పనిచెయ్యట్లేదన్నది మీ ఓపీలో రోజూ వచ్చే ప్రశ్నే. ఊహలోని రిసెప్టర్‌ని ఆ ప్రశ్న అడగలేం. చేతికి దొరికితేనే లెక్కపెట్టగలం.

మామయ్య: చేతికి దొరికిందంటావు. అందులోనూ మొదట తప్పటడుగే కదా? రేడియోధార్మిక నార్అడ్రినలిన్ వాడి రిసెప్టర్‌ని పట్టేశామన్నారు. తీరా చూస్తే ఆ రసాయనం కణంలో వేరే చోట్లకు కూడా అతుక్కుంటోందని మిగతావాళ్లు ఎత్తిచూపారు.

మేనకోడలు: నిజమే. అందుకే ఆ తర్వాత రుజువుకు గట్టి నియమాలు పెట్టుకున్నారు. ఆల్ప్రెనొలాల్ అనే బీటా బ్లాకర్‌కి రేడియోధార్మిక ట్రిటియం తగిలించి, 1974లో కప్ప ఎర్ర రక్తకణాల పొర మీద పరీక్షించారు. అతుక్కోవడం ఒక్కటే చాలదు. ఐసోప్రొటరినాల్, అడ్రినలిన్, నార్అడ్రినలిన్ ఏ వరుసలో బలంగా పనిచేస్తాయో, పోటీలో దాన్ని తోసేసే బలం కూడా అదే వరుసలో ఉండాలి. ప్రొప్రనొలాల్‌కి కుడి, ఎడమ రూపాలు రెండున్నాయి. రసాయనంగా ఒకటే, పనిలో ఒకదానికే సత్తువ. అసలు రిసెప్టరైతే ఆ తేడా పసిగట్టాలి. పసిగట్టింది. అదే సమయంలో మరో రెండు బృందాలు ఇలాంటి ఫలితాలే ప్రకటించాయి. తప్పును బయటివాళ్లు పట్టుకోవడం, లోపలివాళ్లు సరిదిద్దుకోవడం రెండూ జరిగాయి. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది?

మామయ్య: అతుక్కుంది. ఆ తర్వాత?

మేనకోడలు: తర్వాత పదేళ్లు దాన్ని శుభ్రం చేసే పని. పొరలో ఉండే ప్రోటీన్లలో ఈ రిసెప్టర్ పాలు అత్యల్పం. విడిగా తీయాలంటే సుమారు లక్ష రెట్లు శుద్ధి చెయ్యాలి. మార్క్ కారన్‌తో కలిసి గాజు గొట్టాల్లో ఆల్ప్రెనొలాల్ అతికించిన గుళికలు నింపి, రిసెప్టర్‌ని వాటికి పట్టించి, మళ్లీ విడదీశారు. 1986లో మెర్క్ శాస్త్రజ్ఞులతో కలిసి దాని జన్యువును చదివారు. ఆ పనిలో ముందు నిలబడ్డ కుర్ర హృద్రోగ వైద్యుడు బ్రయాన్ కోబిల్కా. జన్యువు చదివాక తేలిన సంగతి అందరినీ నిర్ఘాంతపరిచింది. ఈ రిసెప్టర్ పొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటుతోంది. అచ్చం అలాగే దాటే ప్రోటీన్ అప్పటికి ఇంకొకటి తెలుసు. కంటి రెటీనాలో వెలుతురు పట్టే రొడాప్సిన్. గుండెలో అడ్రినలిన్ పట్టేదీ, కంట్లో కాంతి పట్టేదీ ఒకే కుటుంబం! మనిషిలో ఆ కుటుంబానికి సుమారు 800 మంది సభ్యులున్నారని ఇవాళ తెలుసు. వాసన, రుచి, చూపు, బీపీ, ఆకలి, నొప్పి అన్నిట్లోనూ వీటి పాత్ర ఉంది.

మామయ్య: ఆశ్చర్యమే, కాదనను. కానీ ఆశ్చర్యాన్ని చీటీ మీద రాయలేను కదమ్మా. హార్ట్ ఫెయిల్యూర్ సంగతే తీసుకో. నేను చదువుకునే రోజుల్లో ఆ రోగికి బీటా బ్లాకర్ ఇస్తే పరీక్షలో సున్నా వేసేవారు. అసలే నీరసించిన గుండెను ఇంకా అణచడం పాపమనేవారు. ఆ నియమాన్ని ధిక్కరించింది ల్యాబు కాదు, వార్డు. స్వీడన్‌లో, గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టైన్ బృందం 1975లో ఏడుగురు రోగులకు ధైర్యం చేసి ఇచ్చింది. వాళ్లు కుదుటపడ్డారు.

మేనకోడలు: వాళ్లకిచ్చిన మందుల్లో ఆల్ప్రెనొలాల్ ఒకటి. డ్యూక్‌లో లెఫ్‌కోవిట్జ్ ట్రిటియం తగిలించింది దానికే. ఏడాది తేడాలో ఒకే మందు ఇటు వార్డులో, అటు ల్యాబులో పనిచేస్తోంది. మరి ఏడుగురు కుదుటపడితే లోకం నమ్మిందా?

మామయ్య: నమ్మలేదు. చాలాకాలం నమ్మలేదు.

మేనకోడలు: ఎందుకు నమ్మలేదు? ఎందుకు మేలు చేస్తోందో ఎవరూ చెప్పలేకపోయారు కాబట్టి. 1982లో మైకేల్ బ్రిస్టో బృందం గుండె మార్పిడి ఆపరేషన్లలో బయటికి తీసిన పాడైన గుండెల్ని తీసుకుని, రేడియోధార్మిక బంధన పద్ధతితోనే బీటా రిసెప్టర్లు లెక్కపెట్టింది. ఆరోగ్యంగా ఉన్న గుండెలతో పోలిస్తే దాదాపు సగమే ఉన్నాయి! నీరసించిన గుండెను శరీరం అడ్రినలిన్ పోసి పోసి అదిలిస్తూ ఉంటుంది. ఆ దెబ్బ తట్టుకోలేక కణాలు తమ రిసెప్టర్లను తగ్గించేసుకుంటాయి. 1993లో జర్మనీ వాళ్లు ఇంకో సంగతి చూపించారు. రిసెప్టర్ నోరు నొక్కే ఎంజైమ్ ఆ గుండెల్లో పెరిగి ఉంది. లెఫ్‌కోవిట్జ్ ల్యాబులో కనిపెట్టిన ఎంజైమే అది. బీటా బ్లాకర్ గుండెను అణచట్లేదు, అడ్రినలిన్ దెబ్బల నుంచి కాస్తోందన్న వివరణ అప్పుడు నిలబడింది.

మామయ్య: వివరణ నిలబడింది, సరే. నా కలం కదిలింది మాత్రం 1999లో. సిబిస్-2 ట్రయల్‌లో 2,647 మంది, మెరిట్-హెచ్ఎఫ్‌లో 3,991 మంది. రెండింటిలోనూ మరణాలు 34 శాతం తగ్గాయి, రెండింటినీ మేలు తేటతెల్లమై ముందే ఆపేశారు. నన్ను ఒప్పించింది ఆ అంకెలు. బ్రిస్టో లెక్కలు నేనెప్పుడూ చూడలేదు.

మేనకోడలు: ఒప్పించింది ట్రయల్సే, నేను కాదనను. కానీ పాఠ్యపుస్తకం వద్దన్న మందును వేలమంది రోగుల మీద పరీక్షించడానికి ఏ ఎథిక్స్ కమిటీ ఊరికే ఒప్పుకుంటుంది? ఏడుగురి అనుభవం తలుపు తట్టింది, రిసెప్టర్ల లెక్క తలుపు తీసింది, ట్రయల్స్ లోపలికి నడిపించాయి. మూడింట్లో ఏది లేకపోయినా మీరిప్పుడు మెటోప్రొలాల్ రాస్తూ ఉండేవారు కాదు.

మామయ్య: నోరు నొక్కే ఎంజైమ్ అన్నావే, అదేమిటి?

మేనకోడలు: ముందు సంకేతం ఎలా నడుస్తుందో చెబుతాను. అడ్రినలిన్ కణంలోకి వెళ్లదు. పొర మీది రిసెప్టర్‌కి తగులుతుంది. రిసెప్టర్ ఆకారం మార్చుకుని లోపలున్న జీ ప్రోటీన్‌ని లేపుతుంది. అది ఒక ఎంజైమ్‌ని లేపితే, ఆ ఎంజైమ్ ఏటీపీని సైక్లిక్ ఏఎంపీగా మారుస్తుంది. దానివల్ల గుండె గట్టిగా, వేగంగా కొట్టుకుంటుంది. ఏటీపీని 1929లో గుర్తించినవాళ్లలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. సైక్లిక్ ఏఎంపీకి ఎర్ల్ సదర్లండ్, జీ ప్రోటీన్లకు గిల్మన్, రోడ్‌బెల్ నోబెల్ అందుకున్నారు. లెఫ్‌కోవిట్జ్ అక్కడ ఆగలేదు. ఈ సంకేతాన్ని ఆపేదెవరని అడిగారు. రొడాప్సిన్ చుట్టమని తేలిందిగా. రెటీనాలో కాంతి సంకేతాన్ని ఒక కైనేజ్, అరెస్టిన్ అనే ప్రోటీన్ కలిసి ఆపుతాయని అప్పటికే తెలుసు. బీటా రిసెప్టర్‌కీ అలాంటి జంట ఉండాలని వెతికితే దొరికింది. మీరడిగిన ఎంజైమ్ ఈ కైనేజే. పనిలో ఉన్న రిసెప్టర్‌కి అది ఫాస్ఫేట్ గుర్తు వేస్తుంది. ఆ గుర్తు చూసి బీటా అరెస్టిన్ వచ్చి దాన్ని కప్పేస్తుంది, కణం లోపలికి లాగేస్తుంది. 1990లో బీటా అరెస్టిన్ జన్యువు చేతికొచ్చింది.

మామయ్య: అంటే మందు ఎక్కువైతే కణమే తలుపు మూసేస్తుందన్నమాట. ఆస్తమా పేషెంట్లు సాల్బ్యుటమాల్ పంపు రోజుకు పదిసార్లు కొట్టుకుని, ఇది పనిచెయ్యట్లేదు డాక్టరుగారూ అంటారు. అందుకు ఇదీ ఒక కారణమేనా?

మేనకోడలు: ఒక కారణం. అసలు జబ్బు శ్వాసనాళాల వాపు, దానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కావాలి. ఒట్టి సాల్బ్యుటమాల్‌తో నెట్టుకు రావొద్దని 2019లో ఆస్తమా మార్గదర్శకాలు మార్చారు కదా.

మామయ్య: మార్చారు. ఇప్పుడు నేనడిగేదానికి సూటిగా జవాబు చెప్పు. అరెస్టిన్ కథ అక్కడితో ఆగలేదు. అది సంకేతాన్ని ఆపడమే కాదు, తనూ వేరే సంకేతం పంపుతుందన్నారు. మంచి సంకేతాన్ని మాత్రమే లేపి చెడ్డదాన్ని వదిలేసే మందులు చేస్తామన్నారు. లెఫ్‌కోవిట్జ్ సహ వ్యవస్థాపకుడిగా ట్రెవెనా కంపెనీ వచ్చింది. హార్ట్ ఫెయిల్యూర్ మందు పెద్ద ట్రయల్‌లో తేలిపోయింది. నొప్పి మందు ఒలిసెరిడిన్‌ను అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో తిప్పికొట్టి, 2020లో ఒప్పుకుంది. అది శ్వాసను అణచదని ఆశపెట్టారు. తీరా దాని పెట్టె మీద కూడా మార్ఫిన్ లాంటి హెచ్చరికే! చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం కాదా ఇది?

మేనకోడలు: ఇందులో మీదే పైచేయి. అరెస్టిన్ లేని ఎలుకల్లో మార్ఫిన్ శ్వాసను తక్కువ అణచిందన్న పాత ఫలితం మీదే ఆ ఆశంతా నిలిచింది. 2020లో వేర్వేరు దేశాల ల్యాబులు కలిసి మళ్లీ చేసి చూస్తే అది నిలవలేదు. జీ ప్రోటీన్లు పూర్తిగా లేనిచోట అరెస్టిన్ ఒంటరిగా సంకేతం పంపగలదా అన్నదాని మీద కూడా ఇంకా తగవు నడుస్తోంది. లెఫ్‌కోవిట్జ్ పేరున్నంత మాత్రాన ఎవరూ మిన్నకుండలేదు.

మామయ్య: ఇంకో సంగతి. ఇవాళ వాడే మందుల్లో మూడోవంతు ఈ రిసెప్టర్ల మీదే పనిచేస్తాయని మీవాళ్లు ఘనంగా చెప్పుకుంటారు. వాటిలో చాలా మందులు రిసెప్టర్ చేతికి దొరక్కముందే వచ్చాయి. పుట్టాక జాతకం రాసి, పుట్టించింది మేమే అన్నట్టుంది.

మేనకోడలు: పాతవాటి విషయంలో ఒప్పుకుంటాను. కొత్తవి చూడండి. జీఎల్‌పీ-1 రిసెప్టర్ ఈ కుటుంబానిదే, దాని జన్యువు 1992లో చదివారు. ఒక ఎడారి బల్లి విషంలో దొరికిన పెప్టైడ్ ఆ రిసెప్టర్‌ని లేపుతుందని తేలడంతో ఎక్సెనటైడ్ వచ్చింది. ఇవాళ షుగరుకీ బరువుకీ మీ పేషెంట్లు పేరు పెట్టి అడుగుతున్న సెమాగ్లూటైడ్ కూడా ఆ రిసెప్టర్‌ని పట్టేలా, శరీరంలో తొందరగా విరగకుండా ఉండేలా చేసిందే. ఇక కోబిల్కా 2007లో బీటా-2 రిసెప్టర్ స్ఫటిక నిర్మాణం, 2011లో అది జీ ప్రోటీన్‌ని పట్టుకుని ఉన్న క్షణపు నిర్మాణం చూపించారు. మరుసటేడు గురుశిష్యులిద్దరికీ రసాయన శాస్త్రంలో నోబెల్. చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుని నిద్రపోయే అలవాటున్న లెఫ్‌కోవిట్జ్‌కి ఆ ఫోను మోగడం వినపడలేదు, భార్య మోచేత్తో పొడిచి లేపారట.

మామయ్య: బావుంది. అయితే అదంతా అమెరికా వైభవం. బీపీ మిషను చెడితే బాగుచేసే దిక్కులేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలున్న దేశం మనది. మనకెందుకీ కోట్ల ఖర్చు పరిశోధన? సుబ్బారావుగారు కూడా అమెరికా వెళ్లాకే ఏదైనా చెయ్యగలిగారు.

మేనకోడలు: బీపీ మిషను కావాలి, పరిశోధన కూడా కావాలి. ఒకటి లేదని రెండోది ఆపితే మొదటిది దానంతటదే రాదు. హైదరాబాద్ సీసీఎంబీలో అమితాభ చటోపాధ్యాయ సెరటోనిన్ రిసెప్టర్ పనికి పొరలోని కొలెస్టరాల్ ఎంత అవసరమో ఏళ్ల తరబడి శోధించారు. లెఫ్‌కోవిట్జ్ దగ్గర పనిచేసి వచ్చిన అరుణ్ శుక్లా ఐఐటీ కాన్పూర్‌లో ల్యాబు పెట్టి బీటా అరెస్టిన్ మీద ప్రపంచం చదివే పని చేస్తున్నారు. సుబ్బారావుగారి తరం వెళ్లిపోవాల్సి వచ్చింది, ఈ తరం తిరిగి రాగలుగుతోంది.

మామయ్య: సరే, అక్కడ నాకో అభ్యంతరం మిగిలే ఉంది. నువ్వు చెప్పిన పేర్లు చూడు. లెఫ్‌కోవిట్జ్ డాక్టరు, కోబిల్కా డాక్టరు, బ్రిస్టో డాక్టరు, బ్లాక్ కూడా వైద్యం చదివినవాడే. రోగి పక్కన నిలబడినవాడికి ఏ ప్రశ్న అడగాలో తెలుస్తుంది. మన దగ్గర ఎంబీబీఎస్ చదివినవాడు పీజీ సీటు, ఆ పైన సూపర్ స్పెషాలిటీ, ఆ పైన సొంత నర్సింగ్ హోమ్ అంటూ పరుగెడతాడు. ల్యాబులో రెండేళ్లుంటానంటే ఇంట్లోవాళ్లే పిచ్చివాడంటారు. మీ సైంటిస్టులు వార్డు గడప తొక్కరు, మా డాక్టర్లు ల్యాబు గడప తొక్కరు. ముందు దాన్ని సరిచెయ్యండి, తర్వాత నోబెల్ మాట మాట్లాడండి.

మేనకోడలు: ఇందులో వాదించడానికేమీ లేదు మామయ్యా. ఒక్కటి కలుపుతాను. ఆ రెండేళ్లు ఫలితం లేకుండా పోయినా వాణ్ని వెళ్లగొట్టకూడదు. ఏడాది పైగా ఏమీ చూపించలేని 25 ఏళ్ల కుర్రాణ్ని భరించిన సంస్థ లేకపోతే లెఫ్‌కోవిట్జ్ మంచి గుండె డాక్టరుగా రిటైరయ్యేవారు.

మామయ్య: అలా అయినా నేను తప్పుపట్టను. సరే, చివరి ప్రశ్న. నీ మర్మం నా ఓపీలో రేపు ఉదయం ఏం పనికొస్తుంది?

మేనకోడలు: బీటా బ్లాకర్ రాసినప్పుడు రోగికి మీరు తప్పకుండా చెప్పే మాటేమిటి?

మామయ్య: ఒక్కసారిగా మానొద్దంటాను. మానితే ఛాతీనొప్పి తిరగబెడుతుంది, గుండెపోటు కూడా రావొచ్చు. మా ప్రొఫెసర్ చెప్పారు, నేను చెబుతున్నాను.

మేనకోడలు: ఎందుకని రోగి అడిగితే? మందు అడ్డున్నన్నాళ్లూ కణం పొర మీద రిసెప్టర్లు పెంచుకుంటుంది. అడ్డు ఒక్కసారి తీస్తే పెరిగిన రిసెప్టర్లన్నిటి మీదా అడ్రినలిన్ పడుతుంది, గుండె గుర్రంలా పరుగెడుతుంది. ఆ పరుగును వైద్యులు ముందే చూశారు. దాని వెనక కారణాన్ని కొలిచి చూపగలిగింది రిసెప్టర్లు లెక్కపెట్టడం వచ్చాకే.

మామయ్య: కారణం తెలిసిన రోగి మాట వింటాడు, అది నా అనుభవం. ఈ ఒక్కదానికి నీ లెఫ్‌కోవిట్జ్‌కి మార్కులు వేస్తాను. మందు ముందు పుట్టొచ్చు, కానీ దాన్ని మోతాదుగా, నిర్భయంగా వాడాలంటే మర్మం తెలియాల్సిందే. మిగతా వాదన ఎటుపోయినా చదివేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు: మెటోప్రొలాల్, కార్వెడిలాల్, ప్రొప్రనొలాల్ వంటి మందులు వాడుతున్నవాళ్లు, ఒంట్లో బాగున్నా సరే, డాక్టర్ని అడక్కుండా వాటిని ఒక్కసారిగా మానకూడదు.